ఫ్రీ స్పాట్ ఎక్కడుందని అడిగినోళ్లకు మన తాతల జవాబు

పోస్టు కొంచెం పెద్దగా ఉంది. వీలు చూసుకుని చివరిదాకా చదవండి.

శుక్రవారం సాయంత్రం అయిందంటే హైటెక్ సిటీలో ఏ క్యాంటీన్‌లో కూర్చున్నా ఒకటే ముచ్చట. ఈ వారం టెంట్ ఎక్కడ వేద్దాం? అనంతగిరి అని ఒకరు, నల్లమల అని ఇంకొకరు. మొన్న మా టీంలో ఒకాయన నన్నే అడిగాడు: "నువ్వు ట్రైబల్ కదా బ్రదర్, రిసార్ట్ గిసార్ట్ లేకుండా అడవిలో ఫ్రీగా పడుకునే స్పాట్ ఒకటి చెప్పు. గవర్నమెంట్ ల్యాండే కదా!" మంచి మనిషే, వెటకారంగా అడగలేదు. నేను నవ్వి ఊరుకున్న. కానీ ఆ మాట రెండు మూడు రోజులు బుర్రలో తిరిగింది. మీలో హైదరాబాద్‌లో చదివేటోళ్లకు, ఉద్యోగం చేసేటోళ్లకు ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటది. దానికి జవాబు మన చరిత్రలోనే ఉంది. అందుకే ఇది రాస్తున్న.

ముందు మనం కూర్చున్న చోటు సంగతే చూద్దాం. సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. అంతకు ముందు ఇదంతా గుట్టలు, బండరాళ్లు, చెరువులు, వాటి మధ్య చిన్న చిన్న ఊళ్లు. పాత రికార్డుల్లో ఊరి పేరు ముందు "కంచ" అనే మాట కనిపిస్తది. 2025లో దేశమంతా మారుమోగిన కంచ గచ్చిబౌలి పేరు అట్లాంటిదే. కంచ అంటే పశువులు మేసే గడ్డిభూమి. అక్కడి 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగితే యూనివర్సిటీ పిల్లలు అడ్డం నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమన్నది. అది అడవా, కాదా అని టీవీల్లో రోజుల తరబడి వాదించుకున్నారు. గొడ్లు ఎక్కడ మేసేవి, వాటి వెంట వచ్చిన మనుషులు రాత్రి ఎక్కడ పండుకునేటోళ్లు అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా పెద్దగా వినపడలేదు.

అక్కడి నుంచి కొద్ది దూరంలోనే బంజారాహిల్స్. నవాబు మెహదీ నవాజ్ జంగ్ ఆ గుట్టల మీద ఇల్లు కట్టుకోకముందు అక్కడ బంజారాలు ఉండేవాళ్లని, ఆ పేరు వాళ్ల వల్లనే వచ్చిందని చెప్తారు. ఇప్పుడు ఆ పేరు వింటే గుర్తొచ్చేది గజం ధర. మనుషులు పోయిండ్రు, పేరు మిగిలింది.

ఇప్పుడు తండా అంటే మనకు ఊరు. గ్రామపంచాయతీ కూడా అయింది. ఒకప్పుడు తండా అంటే నడిచే ఊరు. ఎద్దుల వీపు మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సముద్రం ఒడ్డు నుంచి దక్కన్ లోపలికి సాగే బిడారు. 17వ శతాబ్దంలో గోల్కొండ వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఈ బిడారులను కళ్లారా చూసి రాసిండు. ఒక్కో బిడారులో పది, పన్నెండు వేల ఎద్దులు. ఎదురైతే దారి దొరకడానికి రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట. ఆడవాళ్లు, పిల్లలతో సహా అందరూ డేరాల్లోనే బతుకు. పొద్దు గూకితే బస్తాలు దించి గోడలాగా పేర్చేటోళ్లు, ఎద్దులను మేతకు విడిచేటోళ్లు. వానాకాలం దారులు బురదైతే గడ్డి, నీళ్లు ఉన్న చోట నెలల తరబడి ఆగేటోళ్లు. ఎక్కడ ఆగాలి, ఎప్పుడు కదలాలి అన్నది నాయక్ చెప్పాలి.

వాళ్ల మజిలీ ఉత్త ఫ్రీ అనుకోవద్దు. షాజహాన్ సైన్యం దక్కన్‌కు దిగినప్పుడు దాని వెంట ధాన్యం మోసుకొచ్చిన భంగి, జంగి అనే ఇద్దరు నాయకుల కథ బంజారా పెద్దలు చెప్పేవాళ్లు. 19వ శతాబ్దపు బ్రిటిష్ అధికారులు దాన్ని రాసి పెట్టిండ్రు. కథ ప్రకారం వాళ్లకు రాగిరేకు మీద ఒక హక్కు రాసిచ్చారు. మిగతా సంగతులతో పాటు అందులో ఇది కూడా ఉంది: నీళ్లు దొరకకపోతే ఊరివాళ్ల కుండల్లోంచి తీసుకోవచ్చు, గడ్డి దొరకకపోతే ఇంటి కప్పు మీది గడ్డి తీసుకోవచ్చు. అది నిజంగా అట్లనే జరిగిందా లేదా అన్నది పక్కన పెడదాం. కథలో పనికొచ్చే విషయం ఒకటుంది. ఆగడానికి కావలసినవి నీళ్లు, గడ్డి. ఆ రెండూ ఎవరో ఒకరివే. కాబట్టి ఒప్పందం ఉండాలి. బదులుగా బిడారు ఉప్పు తెచ్చేది, ధాన్యం తెచ్చేది. ఎరుకలోళ్లు కూడా గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి ఊరూరా అమ్మినవాళ్లే.

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలొచ్చింది. ఉప్పు, ధాన్యం రైలెక్కినయి. ఎద్దుల పని పోయింది. దాదాపు అదే కాలంలో రెండు రకాల చట్టాలొచ్చినయి. ఒకటి, 1871 నేరస్థ జాతుల చట్టం. ఒక చోట స్థిరంగా ఉండకుండా తిరిగే జనమంటేనే అనుమానం. ఎరుకల కుటుంబాలను తెచ్చి 1910లలో స్టువర్టుపురం సెటిల్‌మెంట్‌లో పెట్టింది దాని తర్వాత వచ్చిన 1911 నేరస్థ జాతుల చట్టం కిందనే. పొరుగూరికి పోవాలన్నా పర్మిషన్, రాత్రయితే హాజరు. ఆ ముద్ర తీసేయడానికి 1952 దాకా పట్టింది. రెండోది అడవి చట్టాలు. బ్రిటిష్ ఇండియాలో 1878, మద్రాసు రాజధానిలో 1882, మళ్లీ 1927. నిజాం రాజ్యం కూడా అదే దారిన అడవులను రిజర్వు చేసింది. రిజర్వులో అడుగుపెడితే నేరం, గొడ్డు మేస్తే నేరం, నిప్పు పెడితే నేరం. నడవడం, మేపడం, పొయ్యి వెలిగించడం. మజిలీ అంటే ఈ మూడే కదా! ఒక్క గీతతో మన తాతల రాత్రి బస నేరమైంది.

ఆదిలాబాద్ అడవుల్లో ఇది ఎంతదాకా పోయిందో మీకు తెలిసిందే. రిజర్వు లైన్లు ఊళ్ల పక్కనుంచే గీసిండ్రు. బాబేఝరి చుట్టుపక్కల గోండు, కొలాం కుటుంబాల గుడిసెలు తగలబెట్టిండ్రు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణమిచ్చింది ఆ నేల మీద ఉండే హక్కు కోసమే. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం కారణాలు తెలుసుకోమని పంపిన హైమన్‌డార్ఫ్, అంతకు ముందే అమ్రాబాద్ గుట్టల మీద చెంచుల మధ్య ఉండి వచ్చినోడు. చెంచుల మీద ఆయన పుస్తకం 1943లో అచ్చయింది. ఎండాకాలం వస్తే చెంచులు పెంట విడిచి నీళ్లున్న చోటికి పోయి, చెట్ల కింద, ఆకుల పందిళ్ల కింద ఉండేవాళ్లని అందులో ఉంది. ఏ వాగులో ఏ నెలదాకా నీళ్లుంటయో వాళ్లకు తెలుసు.

ఇప్పుడు మా టీం ఆయన ప్రశ్న దగ్గరికొద్దాం. ఆ "గవర్నమెంట్ ల్యాండే కదా" అన్న ఆలోచన ఎక్కడిదో తర్వాత అర్థమైంది. ఆయన కొన్నేళ్లు అమెరికాలో పనిచేసి వచ్చిండు. అక్కడి నేషనల్ ఫారెస్టుల్లో చాలా చోట్ల డబ్బులు కట్టకుండా సాధారణంగా 14 రోజుల దాకా టెంట్ వేసుకోవచ్చు. నిజమే. కానీ ఆ అడవులు ఖాళీగా ఎట్లయినయి? యోసెమిటీ లోయనే చూడండి. 1851లో ఒక సాయుధ దళం వచ్చి అక్కడి ఆదివాసులైన అవానీచీలను వెళ్లగొట్టింది. తర్వాత కొందరు తిరిగొచ్చి అక్కడే పనులు చేసుకుంటూ బతికిండ్రు. వాళ్ల చివరి ఇళ్లను 1969లో పార్కు వాళ్లే లేకుండా చేసిండ్రు. ఫ్రీ స్పాట్ వెనుక ఎవరిదో ఒకరి ఇల్లు ఉంటది.

మన దగ్గర చట్టం వేరు. ఎవరైనా అడిగితే ఖచ్చితంగా చెప్పండి. మన రాష్ట్రంలో ఇప్పటికీ నడుస్తున్న 1967 అటవీ చట్టం 20వ సెక్షన్ ప్రకారం రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా చొరబడటం, నిప్పు రాజేయడం నేరం. అమ్రాబాద్, కవ్వాల్ లాంటి టైగర్ రిజర్వుల్లో, అభయారణ్యాల్లో 1972 వన్యప్రాణి చట్టం 27వ సెక్షన్ కింద బయటివాళ్లకు ప్రవేశమే నియంత్రణలో ఉంటది. 30వ సెక్షన్ నిప్పు గురించి. అంటే మ్యాప్‌లో పచ్చగా కనిపించిన చోటల్లా టెంట్ వేసుకునే "ఫ్రీ స్పాట్" లేదు. అటవీ శాఖ అనుమతిచ్చిన చోటు ఉంటది, లేదంటే ప్రైవేటు తోట ఉంటది. ఎవరో రీల్ పెట్టిండ్రని వాగు ఒడ్డున మంట వేస్తే, కేసు సంగతి తర్వాత, ఎండాకాలం ఆ మంట ఎంతదూరం పోతదో ఎవరి చేతిలోనూ ఉండదు.

మనకు బాధ ఎక్కడంటే, ఈ రూల్ అందరికీ ఒకే బరువు కాదు. 2024లో కవ్వాల్ లోపలి మైసంపేట, రాంపూర్ ఊళ్లను బయటికి తరలించిండ్రు. పులి కోసం అన్నారు. అదే కవ్వాల్‌లో జన్నారం దగ్గర సఫారీ జీపులు నడుస్తయి. పులి వద్దని మనం అనం. పుట్టినోడు బయటికి, చూసిపోయేటోడు లోపలికి అయితే ఆ లెక్క ఏందని అడుగుతం.

మరి మన దగ్గర అందరూ వచ్చి అడవిలో పండుకునే సంప్రదాయమే లేదా? ఉంది, మస్తుగ ఉంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం చూడండి. 1996లో రాష్ట్ర పండుగ అయింది. అంతకు తరాల ముందు నుంచే జనం ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చి, జంపన్న వాగు ఒడ్డున, చెట్ల కింద గుడారాలు వేసి, అక్కడే వండుకుని తింటున్నరు. ఇప్పుడు కోటి దాకా వస్తున్నరని లెక్కలు చెప్తయి. దేశంలో అడవి నేల మీద ఇంతకన్నా పెద్ద క్యాంపు ఎక్కడుంది? టికెట్ లేదు. కానీ దానికి పిలుపు ఉంది, పూజారులున్నరు, వనదేవతలు గద్దెకొచ్చే రోజు ఉంది, వనప్రవేశం చేసే రోజు ఉంది. తల్లులు అడవికి మళ్లినంక జనం కూడా ఇంటి దారి పట్టాలె.

కేస్లాపూర్ నాగోబా జాతర ఇంకా స్పష్టం. పుష్య అమావాస్యకు ముందు మెస్రం వంశం వాళ్లు చెప్పుల్లేకుండా నడిచి, దారిలో ఊళ్లల్ల ఆగుతూ, హస్తినమడుగు దగ్గర గోదావరి జలం తెస్తరు. వచ్చి మర్రిచెట్ల కింద బస చేస్తరు. ఏ చెట్టు కింద ఆగాలి, ఎవరి పొయ్యి ఎక్కడ, నీళ్లు ఎవరు తేవాలి, అన్నీ కట్టుబాట్లే. అక్కడ పడుకోవడానికి పైసలు అక్కర్లేదు, కట్టుబాటు కావాలి.

నాకు అర్థమైంది ఇది. ఫ్రీ అనే మాట, ఎవరిదీ కాదు అనే మాట ఒకటి కాదు. మన పెద్దలకు అడవిలో రాత్రి బసకు పైసలు లేవు, కానీ ఎవరిని అడగాలో తెలుసు. చట్టం వచ్చి ఆ అడిగే మనిషిని తీసేసి, ఆ చోట బోర్డు పెట్టింది. ఇప్పుడు బోర్డు కనిపించకపోతే "ఫ్రీ స్పాట్" అనుకుంటున్నరు.

ఆ మనిషిని మళ్లీ నిలబెట్టే దారి ఒకటుంది. 2006 అటవీ హక్కుల చట్టం. మనోళ్లకు అదంటే పోడు పట్టానే గుర్తొస్తది. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి పంచిన పట్టాలు కూడా కుటుంబాలకు ఇచ్చినవే. కానీ అదే చట్టం 3వ సెక్షన్‌లో సామూహిక హక్కులున్నయి. పశువుల మేత, సంచార జాతులు కాలాన్ని బట్టి అడవిని వాడుకునే హక్కు, ఊరి సామూహిక అడవిని కాపాడి నిర్వహించే హక్కు. 5వ సెక్షన్ గ్రామసభకు అడవిని, నీటి వనరులను కాపాడే అధికారం ఇస్తది. ఈ హక్కు పత్రం మీ ఊరికి ఉందా? గ్రామసభలో ఎప్పుడైనా అడిగిండ్రా? ఈసారి పండుక్కి ఇంటికి పోయినప్పుడు అడగండి. నాయనమ్మ, తాతలు ఉంటే కూర్చోబెట్టి, పాత మజిలీలు ఎక్కడ, ఏ చెలమలో ఎండాకాలం నీళ్లుండేవి, ఏ దారిన పశువులు పోయేవి, రాసుకోండి. పెద్దల మాట కూడా చట్టం ఒప్పుకునే సాక్ష్యమే. ఆ పెద్దలు పోతే ఆ సాక్ష్యం కూడా పోతది.

ఒక్క మాట. ఆ చెలమల లొకేషన్ మాత్రం ఇన్‌స్టాలో పెట్టకండి.

సోమవారం మా టీం ఆయనకు చెప్పిన: "ఫ్రీ స్పాట్ నాకు తెల్వదు అన్నా. వచ్చే మేడారం జాతరకు మాతో రా. చెట్టు కింద పండుకుందాం, మనం తిన్న చోటు మనమే ఊడ్చి వద్దాం." వస్తనన్నడు. చూద్దాం.

మీ ఊరి మజిలీ ముచ్చట్లు ఉంటే కింద రాయండి. జై సేవాలాల్, జై జంగో, జై లింగో.