కారు బంపర్ పగిలిందా? గమ్ పూసే ముందు వెనక్కి తిప్పి ఈ అక్షరాలు చూడండి..

పార్కింగ్‌లో పిల్లర్‌కి తగిలింది.. స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక బైకు వచ్చి గుద్దింది.. బంపర్ మూల చీలిపోయింది. షోరూమ్‌కి వెళ్తే ‘రిపేర్ కాదు సార్, కొత్తది వేయాల్సిందే’ అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. నిజానికి చిన్న చీలికలు, విరిగిన క్లిప్పులు, ఊడిన బీడింగ్ లాంటివి సెలవు రోజున ఇంటి ముందే బాగు చేసుకోవచ్చు. కాకపోతే చాలామంది చేసే మొదటి పనే తప్పు. ఫెవిక్విక్ లాంటి ఇన్‌స్టంట్ గమ్ పోసేస్తారు. రెండు రోజులకే అది పెచ్చులా ఊడి వస్తుంది.

కారణం గమ్ కాదు, ప్లాస్టిక్. బంపర్లు, వీల్ ఆర్చ్ నల్ల పట్టీలు, టైరు పైనుండే ఫెండర్ లైనర్ ఎక్కువగా పాలీప్రొపిలీన్ రకానివి. దీని మీద మామూలు గమ్ గానీ, ఎపాక్సీ గానీ సరిగా పట్టుకోదు. ముందు గ్రిల్, అద్దాల కవర్లు ఎక్కువగా ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో వస్తాయి (బ్రేకుల ఏబీఎస్‌కీ దీనికీ సంబంధం లేదు). దానికి గమ్ బాగానే అంటుతుంది. ఏది ఏదో కనిపెట్టడం కష్టమేం కాదు. భాగం లోపలివైపు ‘పీపీ’, ‘పీపీ+ఈపీడీఎం’, ‘ఏబీఎస్’ లాంటి ఇంగ్లిష్ అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. పక్కన టీ10, టీ20 అని ఉంటే టాల్క్ పొడి 10 శాతం, 20 శాతం కలిపారని అర్థం.

పీపీ అయితే అతికించడం కాదు.. కరిగించి కలపాలి

దీనికి 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు. ముందు బంపర్‌ని షాంపూతో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. చీలిక ఎక్కడ ఆగిందో చూసి, సరిగ్గా ఆ చివర 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. ఈ పని ఎవరూ చేయరు, కానీ ఇదే అసలు కిటుకు. రంధ్రం లేకపోతే నాలుగు గతుకులకే చీలిక మళ్లీ ముందుకు పాకుతుంది.

తర్వాత రెండు అంచులూ సమానంగా కలిపి, బయటివైపు మాస్కింగ్ టేప్ గట్టిగా వేయాలి. పనంతా వెనకవైపే. చీలిక వెంట ఐరన్ మొనతో ‘వి’ ఆకారంలో గాడి చేసి, రెండు వైపుల ప్లాస్టిక్‌ని కరిగిస్తూ కలపాలి. సన్నటి స్టీల్ జాలీ ముక్కని దాని మీద పెట్టి, ఐరన్‌తో లోపలికి దిగేలా నొక్కాలి. పైన మరో పొర ప్లాస్టిక్ కరిగించి పోయాలి. ఆ ప్లాస్టిక్ ఎక్కడిది అంటే.. పాత సామాన్ల కొట్టులో దొరికే విరిగిన బంపర్ ముక్క. అది కూడా పీపీ రకమే అయి ఉండాలి, వేరే రకం కలవదు. పాలీప్రొపిలీన్ సుమారు 165 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, ఐరన్ మొన అంతకన్నా చాలా వేడిగా ఉంటుంది. పొగ వస్తోందంటే ప్లాస్టిక్ కరగట్లేదు, మాడిపోతోంది. అప్పుడు అతుకు పెళుసుగా తయారవుతుంది. పైగా ఆ పొగ పీల్చడం మంచిది కాదు, ఆరుబయటే చేయాలి.

నల్లటి గరుకు ట్రిమ్ అయితే ఇక్కడితో పని అయిపోయినట్టే. బాడీ కలర్ బంపర్ అయితే 180, తర్వాత 320 నంబర్ సాండ్ పేపర్ రుద్ది, ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టాకే రంగు వేయాలి. ప్రైమర్ మానేస్తే రంగు పొరలుగా లేచిపోతుంది. రంగు షేడ్ మాత్రం ఇంట్లో అచ్చంగా కలవడం కష్టం, ఆ ఒక్క పనీ పెయింటర్‌కి వదిలేయడమే నయం.

ఏబీఎస్ భాగాలకు గరుకు చేసి, వెనక ఫైబర్ జాలీ పెట్టి రెండు ట్యూబుల ఎపాక్సీ పూస్తే సరిపోతుంది.

సైడ్ బీడింగ్ ఊడితే పాత టేప్ మొత్తం గీకేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, డబుల్ సైడ్ ఫోమ్ టేప్‌తో అంటించాలి. టేప్ పూర్తి పట్టు రావడానికి మూడు రోజులు పడుతుంది, అప్పటిదాకా కారు కడగొద్దు.

క్లెయిమ్ చేయాలా, వద్దా?

ఇన్సూరెన్స్‌లో ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగుదల కోస్తారు, జీరో డెప్ ఉంటే తప్ప. 1500 సీసీ లోపు కార్లకు మరో వెయ్యి రూపాయలు తప్పనిసరిగా జేబులోంచి పెట్టాలి. మొదటి ఏడాది 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరిగే నో క్లెయిమ్ బోనస్ కూడా, ప్రత్యేక యాడ్ ఆన్ లేకపోతే పోతుంది. చిన్న చీలిక కోసం ఇంత వదులుకోవాలా అన్నది లెక్క వేసుకోవాలి.

అయితే ఇంట్లో ముట్టుకోకూడనివీ ఉన్నాయి. బంపర్ వెనక రాడార్ ఉన్న కార్లలో ఆ చోట జాలీ, పుట్టీ పెడితే సిగ్నల్ దెబ్బతింటుంది. దెబ్బ గట్టిగా తగిలి లోపలి ఇనుప బీమ్ వంగినా వర్క్‌షాపుకే వెళ్లాలి. ఇక ఫెండర్ లైనర్ వేలాడుతుంటే రేపు చూద్దాం అనుకోవద్దు. హైవే స్పీడ్‌లో అది టైరుకు రాసుకుంటుంది, చుట్టుకునే ప్రమాదమూ ఉంది. కొత్త క్లిప్పులు దొరికేదాకా రెండు ట్యాగ్‌లతో బిగించి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి టైరుకు తగలట్లేదని చూసుకున్నాకే బండి తీయాలి.