విదేశాల్లో ఉంటూ స్వదేశీ పోలీసు ధ్రువపత్రం పొందటం ఎలా?

జగిత్యాల: దుబాయ్‌లో ఉద్యోగం చేసుకుంటూ కెనడాలో స్థిరపడదలచిన వారికి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ కింద ఆహ్వానం అందిందంటే, పూర్తి దరఖాస్తు సమర్పించటానికి 60 రోజుల గడువే ఉంటుంది. చదువు పత్రాలు, బ్యాంకు లెక్కలు సొంతంగా సమకూర్చుకోవచ్చు. ఒక్క కాగితం మాత్రం వారి చేతిలో ఉండదు. స్వగ్రామంలో నేరచరిత్ర ఏమీ లేదని భారత ప్రభుత్వం తరఫున ఇచ్చే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, వాడుకలో పీసీసీ. గడువులో పెద్ద భాగం దీని కోసమే కరిగిపోవచ్చు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కోనసీమ, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లి అక్కడి నుంచి మరో దేశానికి దారి వెతుక్కునే వారి సంఖ్య తక్కువేమీ కాదు. అమెరికా, ఐరోపా దేశాల్లో చదువు ముగించిన విద్యార్థులదీ ఇదే అవసరం.

ఎవరిస్తారు?

పేరులో పోలీసు ఉన్నా దీనిని జారీచేసేది పోలీసు శాఖ కాదు. స్వదేశంలో ఉన్నవారికి ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం, విదేశంలో ఉన్నవారికి అక్కడి భారత రాయబార కార్యాలయం లేదా కాన్సులేట్ ఇస్తాయి. స్థానిక ఉద్యోగాల కోసం జిల్లా పోలీసు కార్యాలయాలు, కమిషనరేట్లు ఇచ్చే ధ్రువపత్రం వేరు. ఆ పత్రాన్ని వలస వీసా దరఖాస్తుకు జతచేసి తిరస్కరణకు గురైతే రుసుముతో పాటు కాలమూ నష్టమే. అమెరికా విదేశాంగ శాఖ భారతీయుల విషయంలో పాస్‌పోర్టు కార్యాలయం లేదా భారత రాయబార కార్యాలయం ఇచ్చిన పీసీసీనే కోరుతుంది.

విదేశంలో ఉన్నవారు పాస్‌పోర్టు సేవా విభాగం వారి రాయబార కార్యాలయాల వెబ్‌సైటులో దరఖాస్తు నింపి, ఆ ప్రతిని పాస్‌పోర్టు, ప్రస్తుత వీసా లేదా నివాస అనుమతి, అక్కడి చిరునామా రుజువు, ఫొటోలతో కలిపి సమర్పించాలి. చాలా దేశాల్లో ఈ పత్రాలను స్వీకరించే పనిని ప్రైవేటు సంస్థలకు అప్పగించారు. రుసుము దేశాన్ని బట్టి మారుతుంది. దానిపై సేవా రుసుము, ప్రవాస భారతీయ సంక్షేమ నిధి మొత్తం అదనం. సెలవుపై ఇంటికి వచ్చినవారు ఇక్కడే 500 రూపాయల రుసుముతో పాస్‌పోర్టు సేవా కేంద్రంలో దరఖాస్తు చేసుకోవచ్చు. 2022 సెప్టెంబరు 28 నుంచి తపాలా కార్యాలయాల్లోని పాస్‌పోర్టు సేవా కేంద్రాల్లోనూ ఈ వెసులుబాటు కల్పించారు. అయితే దరఖాస్తుదారు స్వయంగా హాజరు కావాలి. కుమారుడు సింగపూర్‌లో ఉండగా తండ్రి ఇక్కడ వరుసలో నిలబడితే ప్రయోజనం లేదు.

ఏ దేశం కోసం కోరుతున్నారో దరఖాస్తులో రాయాలి. ఆ దేశం పేరు పీసీసీలో ఉంటుంది. కువైట్‌లో ఉండి కెనడాకు వెళ్లేవారు అలవాటుగా కువైట్ పేరు రాస్తే ఆ పత్రం పనికిరాకుండా పోవచ్చు. పాస్‌పోర్టు సంఖ్య కూడా అందులో ఉంటుంది కనుక, పాస్‌పోర్టు గడువు దగ్గరపడిన వారు ముందు దానిని పునరుద్ధరించుకుని ఆ తర్వాతే పీసీసీకి వెళ్లటం మేలు.

ఏ దేశం ఏమడుగుతుంది?

ఇక్కడే ఎక్కువ మంది పొరబడుతున్నారు. పౌరసత్వం ఉన్న దేశం పత్రం ఒక్కటే చాలదు, నివసించిన దేశాల పత్రాలూ కావాలి. శాశ్వత నివాసం కోరేవారు గత పదేళ్లలో 18 ఏళ్లు నిండిన తర్వాత వరుసగా ఆరు నెలలు, అంతకు మించి ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీసు ధ్రువపత్రం తేవాలని కెనడా నిబంధన. ప్రస్తుతం ఉంటున్న దేశం ఇచ్చిన పత్రం దరఖాస్తు నాటికి ఆరు నెలలలోపుది కావాలి. గతంలో ఉండి వచ్చిన దేశం పత్రమైతే, అక్కడ చివరిసారి నివసించిన తర్వాత జారీ అయి ఉండాలి. ఆస్ట్రేలియా పదేళ్లలో మొత్తం 12 నెలలు ఉన్న దేశాలను లెక్కలోకి తీసుకుంటుంది. బ్రిటన్ వైద్య, విద్య, సామాజిక సంరక్షణ రంగాల్లోని కొన్ని నైపుణ్య ఉద్యోగాలకు నేరచరిత్ర పత్రాన్ని తప్పనిసరి చేసింది. మన నర్సులు గమనించదగిన విషయమిది.

అమెరికాలోనే ఉండి గ్రీన్‌కార్డు కోసం స్థితి మార్పు కోరేవారికి సాధారణంగా ఈ పత్రం అవసరం రాదు. కాన్సులేట్ ద్వారా వలస వీసా పొందే 16 ఏళ్లు, ఆపై వయసు వారికి మాత్రం తప్పదు. అమెరికాలో కొన్నేళ్లుండి కెనడాకు మారదలచినవారికి భారత పీసీసీతో పాటు ఎఫ్‌బీఐ ఇచ్చే నేరచరిత్ర పత్రమూ కావాలి.

గల్ఫ్ నిబంధనలు త్వరత్వరగా మారుతుంటాయి. యూఏఈ 2018 ఫిబ్రవరి 4 నుంచి ఉద్యోగ వీసాలకు సత్ప్రవర్తన పత్రాన్ని అమలులోకి తెచ్చి, అదే ఏడాది ఏప్రిల్‌లో నిలిపివేసింది. సౌదీ అరేబియా 2022లో పీసీసీ తప్పనిసరి చేసి, నవంబరు 17న భారతీయులకు మినహాయింపు ప్రకటించింది. ఏజెంటు మాట మీద కాకుండా ఆయా దేశాల రాయబార కార్యాలయాల ప్రకటనలు చూసుకోవాలి.

అపోస్టిల్ ముద్రతో పీసీసీ కావాలని కోరే దేశాలూ ఉన్నాయి. హేగ్ ఒప్పందం ప్రకారం రాయబార, కాన్సులర్ అధికారులు ఇచ్చిన పత్రాలకు అపోస్టిల్ వర్తించదు. అంటే విదేశంలోని కాన్సులేట్ ఇచ్చిన పీసీసీపై ఆ ముద్ర పడదు. అటువంటి వారు స్వదేశంలో పీసీసీ తీసుకుని విదేశాంగ శాఖ నుంచి అపోస్టిల్ చేయించుకోవలసి ఉంటుంది. ఈ సంగతి తెలియక రెండుసార్లు రుసుము కట్టేవారుంటారు. దరఖాస్తుకు ముందే 'కాన్సులేట్ పత్రం అంగీకరిస్తారా?' అని అడిగి తెలుసుకోవాలి.

చిరునామా చిక్కు

పాస్‌పోర్టు వివరాలు సరిపోయి, గతంలోని పోలీసు విచారణ నివేదిక స్పష్టంగా ఉంటే పత్రం త్వరగానే వస్తుంది. లేకుంటే దరఖాస్తు స్వదేశంలోని చిరునామా పరిధి పోలీసులకు చేరుతుంది. స్పెషల్ బ్రాంచి సిబ్బంది ఇంటికి వచ్చి తల్లిదండ్రులను, ఇరుగుపొరుగును విచారిస్తారు. దరఖాస్తుదారు దూరదేశంలో ఉన్నా ఫరవాలేదు కానీ, ఇంటికి తాళం వేసి ఉండి, ఫోను ఎత్తేవారు లేకుంటే 'చిరునామాలో లేరు' అన్న నివేదిక వెళ్లే ప్రమాదముంది. విచారణకు వచ్చే అవకాశముందని ఇంట్లో వారికి ముందే చెప్పి, పాస్‌పోర్టు, ఆధార్ ప్రతులు అందుబాటులో ఉంచాలి. విచారణకు పోలీసులకు చెల్లించవలసిన రుసుమేదీ లేదు.

జిల్లాల పునర్విభజన మరో చిక్కు తెచ్చింది. తెలంగాణలో 2016 అక్టోబరు 11న, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. పాత పాస్‌పోర్టులో కరీంనగర్ జిల్లా అని ఉన్న ఊరు నేడు జగిత్యాలలోనో, పెద్దపల్లిలోనో, రాజన్న సిరిసిల్లలోనో ఉండవచ్చు. తూర్పు గోదావరి అని ఉన్న ఊరు కోనసీమలోనో కాకినాడలోనో ఉండవచ్చు. దరఖాస్తులో పాత జిల్లానే రాస్తే కాగితం పాత జిల్లా కేంద్రానికి వెళ్లి, అక్కడి నుంచి కొత్త జిల్లాకు మళ్లేసరికి రోజులు గడుస్తాయి. మండలం, పోలీస్‌స్టేషన్, జిల్లా పేర్లు ఈనాటివే రాయాలి.

కేసు ఉంటే?

ఊళ్లో గొడవ, భూతగాదా, దాంపత్య వివాదం. ఏళ్ల క్రితం రాజీ అయిపోయిందనుకున్న కేసు పీసీసీ దగ్గర తలెత్తుతుంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరినా, కోర్టు కొట్టివేసినా, ఆ సమాచారం స్టేషన్ రికార్డులో నమోదు కాకపోతే కేసు పెండింగులో ఉన్నట్లే కనిపిస్తుంది. కోర్టు ఉత్తర్వు ధ్రువీకృత ప్రతిని తీసుకుని, స్టేషన్‌లో అందజేసి రసీదు పొందటం ఒక్కటే దారి. ఉద్యమ కాలంలో నమోదై తర్వాత ప్రభుత్వం ఎత్తివేసిన కేసులకూ ఇదే వర్తిస్తుంది. ప్రభుత్వ ఉత్తర్వుతో పాటు ఉపసంహరణకు కోర్టు ఇచ్చిన అనుమతి ప్రతి ఉండాలి.

పాస్‌పోర్టుల చట్టం, 1967లోని ఆరో సెక్షన్ ప్రకారం క్రిమినల్ కోర్టులో విచారణ పెండింగులో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. కేవలం ఎఫ్ఐఆర్ నమోదైనంత మాత్రాన పెండింగు కాదని, కోర్టు దానిని విచారణకు స్వీకరించి ఉండాలని విదేశాంగ శాఖ 2019 అక్టోబరు 10న మెమోలో స్పష్టం చేసింది. ఇది పాస్‌పోర్టు సంగతి. పీసీసీకి వచ్చేసరికి పోలీసులు తమ రికార్డులో ఉన్నదే నివేదిస్తారు. అందుకే దరఖాస్తుకు ముందే ఈ-కోర్టుల వెబ్‌సైటులో పేరుతో వెతికి చూసుకోవటం మంచిది. 2016 నాటి సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు సున్నితమైనవి మినహా ఎఫ్ఐఆర్‌లను పోలీసు వెబ్‌సైట్లలో ఉంచుతున్నారు. మన పల్లెల్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, చివరికి తండ్రి పేరూ కలిసే వారు ఇద్దరు ముగ్గురు ఉండటం వింత కాదు. మరొకరి కేసు తమ ఖాతాలో పడిందని తేలితే పుట్టినతేదీ, ఆధార్ వివరాలతో జిల్లా ఎస్పీ కార్యాలయానికి లిఖితపూర్వకంగా విన్నవించుకోవాలి. నిజంగానే కేసు ఉన్నవారు దాచకూడదు. దరఖాస్తులో తప్పుడు సమాచారమివ్వటం చట్టరీత్యా మరో నేరమవుతుంది.

దళారులు 'విచారణ లేకుండా మూడు రోజుల్లో' అంటూ ఇచ్చే పత్రాల జోలికి పోరాదు. పత్రం నకిలీదని తేలితే వీసా తిరస్కరణతో ఆగదు, కొన్నేళ్లపాటు ఆ దేశ ప్రవేశం నిషిద్ధం కావచ్చు. పాస్‌పోర్టు శాఖ పేరును పోలిన ప్రైవేటు వెబ్‌సైట్లూ ఉన్నాయి. చిరునామా చివర 'గవ్ డాట్ ఇన్' ఉన్నదే అసలైనది.

ఇతర దేశ పౌరసత్వం తీసుకున్న తెలుగువారు భారత పాస్‌పోర్టును అప్పగించి ఉంటారు కనుక వారి దరఖాస్తు మార్గం వేరుగా ఉంటుంది. వారు భారత్‌లో నివసించిన కాలం, అప్పటి చిరునామా, పాత పాస్‌పోర్టు ప్రతి చూపి సమీపంలోని భారత కాన్సులేట్‌ను సంప్రదించాలి. పాత పాస్‌పోర్టు ప్రతిని పారేయకుండా దాచుకున్నవారికి ఈ పని సులువవుతుంది.