మరణానంతర ఆస్తి ఏర్పాటు

ఒక వ్యక్తి తన తదనంతరం తన ఆస్తి ఎవరికి, ఏ మేరకు చెందాలో, మైనరు పిల్లల సంరక్షణ ఎవరు చూడాలో, తాను స్పృహ కోల్పోతే వైద్యం విషయంలో ఎవరి మాట చెల్లాలో జీవించి ఉండగానే నిర్ణయించి, చట్టం అంగీకరించే పత్రాలలో రాసి ఉంచడాన్ని మరణానంతర ఆస్తి ఏర్పాటు లేదా ఎస్టేట్ ప్లానింగ్ అంటారు. భారతదేశంలో దీనికి ప్రధాన సాధనం వీలునామా. దానపత్రం, ట్రస్టు, నామినేషన్ వంటివి దానికి తోడు నిలిచేవి. ఇది సంపన్నుల వ్యవహారమన్న అభిప్రాయం వ్యాప్తిలో ఉన్నప్పటికీ, ఏ ఏర్పాటూ చేయకుండా మరణించినవారి ఆస్తిని చట్టం తన సొంత క్రమంలో పంచుతుంది గనుక, ఒక ఇల్లు, కొద్దిపాటి పొలం, ఒక బ్యాంకు ఖాతా మాత్రమే ఉన్నవారికీ దీని అవసరం ఉంటుంది.

చరిత్ర

ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమారులకు పుట్టుకతోనే హక్కు కల్పించిన హిందూ ధర్మశాస్త్రాలలో వీలునామాకు చెప్పుకోదగిన స్థానం లేదు. బ్రిటిష్ న్యాయస్థానాల కాలంలో అది స్థిరపడింది. ఈ పరిణామంలో పిఠాపురం సంస్థానం దావా ముఖ్యమైనది. అక్కడి రాజా తన జమీందారీని వీలునామా ద్వారా కుమారుడు సూర్యారావుకు ఇవ్వగా, అంతకు ముందే దత్తతకు వచ్చిన కుమారుడు దానిని సవాలు చేశాడు. వారసుల మధ్య పంపకానికి వీలులేని అవిభాజ్య సంస్థానాన్ని సైతం దాని యజమాని వీలునామా ద్వారా ఇవ్వవచ్చునని నాటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రీవీ కౌన్సిల్ 1899లో తీర్పు చెప్పింది. ఆ తీర్పుతో హక్కు నిలబెట్టుకున్న సూర్యారావే అనంతర కాలంలో సూర్యరాయాంధ్ర నిఘంటువుకు పోషకుడైనాడు. ఆంధ్ర జిల్లాలలో హిందువుల నోటిమాట వీలునామాలకు కూడా అప్పట్లో చెల్లుబాటు ఉండేది. 1927 జనవరి 1 నుంచి లిఖితపూర్వకంగా, సాక్షుల సంతకాలతో ఉండటం తప్పనిసరి అయింది.

వీలునామా లేనప్పుడు

హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం వీలునామా రాయకుండా మరణించిన పురుషుని స్వార్జితం అతని భార్యకు, కుమారులకు, కుమార్తెలకు, తల్లికి సమాన వాటాలుగా చెందుతుంది. వీరు మొదటి తరగతి వారసులు, తండ్రి రెండవ తరగతి వారసుడు గనుక, వీరిలో ఒక్కరున్నా ఆయనకు వాటా రాదు. భర్త, సంతానం లేని స్త్రీ విషయంలో ఆమె స్వార్జితం కన్న తల్లిదండ్రుల కంటే ముందుగా భర్త వారసులకు చేరుతుంది. పెళ్లయిన కొద్ది నెలలకే భర్తను పోగొట్టుకొని, పుట్టింటి అండతో చదువుకొని ఉద్యోగం చేసిన ఒక మహిళ సంపాదన ఆమె తల్లికి కాక భర్త తరఫు బంధువులకే చెందుతుందని 2009లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆమె వీలునామా రాసి ఉంటే ఆ సొమ్ము తల్లికే దక్కి ఉండేది.

వీలునామా: చెల్లుబాటు

భారత వారసత్వ చట్టం, 1925 ప్రకారం మేజరై, స్థిరమైన మనస్సు గలవారెవరైనా వీలునామా రాయవచ్చు. దానికి స్టాంపు కాగితం అక్కరలేదు, తెల్లకాగితం చాలు. రాసిన వ్యక్తి సంతకం లేదా వేలిముద్ర వేయాలి. అది చూసిన లేదా ఆ సంగతి ఆ వ్యక్తి నోటనే విన్న కనీసం ఇద్దరు సాక్షులు ఆ వ్యక్తి సమక్షంలో సంతకాలు చేయాలి. వివాదం వస్తే సాక్షులలో ఒకరైనా కోర్టులో వాంగ్మూలం ఇవ్వవలసి ఉంటుంది కాబట్టి, తమకంటే చిన్నవారిని, అందుబాటులో ఉండేవారిని సాక్షులుగా పెట్టుకోవడం మేలు. రిజిస్ట్రేషన్ ఐచ్ఛికమే అయినా, అది సందేహాలను తగ్గిస్తుంది. సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద భద్రపరచుకునే వీలు కూడా ఉంది. వీలునామాను జీవితకాలంలో ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది.

హిందువులు పిత్రార్జితంలో తమ వాటా వరకే వీలునామా రాయగలరు. ఆ ఆస్తిలో ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి అవివాహిత కుమార్తెలకు, దేశమంతటా 2005 నుంచి కుమార్తెలందరికీ కుమారులతో సమాన హక్కు ఉంది. ముస్లిం ధర్మశాస్త్రం ప్రకారం, వారసుల సమ్మతి లేకుండా, అప్పులూ అంత్యక్రియల ఖర్చులూ పోగా మిగిలిన ఆస్తిలో మూడవ వంతుకు మించి వీలునామా చెల్లదు.

నామినీ, వారసుడు

బ్యాంకు ఖాతాలో నామినీగా పేరు ఉన్నవారే ఆ సొమ్ముకు యజమానులన్నది సాధారణమైన అపోహ. నామినీ సొమ్మును స్వీకరించి నిజమైన వారసులకు అప్పగించవలసిన వ్యక్తి మాత్రమే; కంపెనీ వాటాల విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుందని 2023లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తరువాత తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, సంతానం నామినీలైతే వారికే ప్రయోజనం దక్కుతుంది. అందువల్ల వీలునామాలోని పేర్లూ నామినేషన్లలోని పేర్లూ పొంతన కలిగి ఉండటం అవసరం.

ఇతర సాధనాలు

దానపత్రం రిజిస్టరైన నాటి నుంచే ఆస్తి చేతులు మారుతుంది. తరువాత మనసు మారినా దానిని రద్దు చేయడం కష్టం. పిల్లలకు ఇల్లు రాసి ఇచ్చే వృద్ధులు, తమ పోషణ చూడాలన్న షరతును పత్రంలోనే స్పష్టంగా చేరిస్తే, ఆ షరతు తప్పినప్పుడు 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టం కింద ఆస్తిని తిరిగి పొందే మార్గం తెరుచుకుంటుంది. ఆస్తి వ్యవహారాలు చూసే అధికారాన్ని మరొకరికి ఇచ్చే జనరల్ పవరాఫ్ అటార్నీ, దానిని ఇచ్చిన వ్యక్తి మరణంతోనే ముగుస్తుంది కాబట్టి, స్వగ్రామంలోని పొలాన్ని బంధువుల చేతిలో పెట్టి విదేశాలలో స్థిరపడిన తెలుగువారికి అది వీలునామాకు బదులు కాజాలదు. స్థిరాస్తికి అది ఉన్న దేశపు చట్టమే వర్తిస్తుంది గనుక, రెండు దేశాలలో ఆస్తులున్నవారు ఒకదానినొకటి రద్దు చేయని రెండు వీలునామాలు రాసుకోవడం కద్దు. కోలుకోలేని స్థితిలో కృత్రిమంగా ప్రాణం నిలపవద్దని ముందే రాసిపెట్టే వైద్య నిర్దేశాన్ని సుప్రీంకోర్టు 2018లో గుర్తించి, 2023లో దాని విధానాన్ని సులభతరం చేసింది.

వీలునామాతో పాటు ఆస్తుల, అప్పుల, బీమా పాలసీల జాబితా కుటుంబంలో ఒకరికైనా తెలిసి ఉండాలి. పదేళ్లు ఎవరూ అడగని బ్యాంకు డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిర్వహించే ప్రత్యేక నిధికి బదిలీ అవుతాయి. వారసులు వాటిని తరువాతైనా క్లెయిము చేసుకోవచ్చు గానీ, ఖాతా ఉన్న సంగతే తెలియనివారికి ఆ హక్కు ఉన్నా లేనట్టే.