కత్తిపీట ఎందుకు మూలపడింది?

వంటింటికి ఎన్ని కత్తులు కావాలి అని అడిగితే ఈ రోజుల్లో వచ్చే జవాబు దాదాపు ఒక్కటే: పెద్దది ఒకటి, చిన్నది ఒకటి, బ్రెడ్డు కోయడానికి రంపపు పళ్ళది ఇంకొకటి. ఈ జాబితా యూరప్ వంటశాలల్లో తయారైంది. నిలబడి, బల్ల మీద చెక్క పరుచుకుని, మాంసమూ ఉల్లిపాయలూ రొట్టే కోసుకునే మనిషికి అది అతికినట్టు సరిపోతుంది. రెండు మూడు తరాల కిందట తెలుగింట్లో ఇదే ప్రశ్న వేస్తే చాలామంది చూపించేది ఒక్క కత్తిపీటనే. చేతికత్తి మెరుగైన పనిముట్టు కాబట్టి కత్తిపీట పక్కకు తప్పుకుందని సాధారణంగా అనుకుంటాం. నాకు అది తలకిందుల లెక్క అనిపిస్తుంది. ముందు పొయ్యి గట్టెక్కింది, దాని వెంట వండే మనిషీ లేచి నిలబడింది. కూర్చున్నవాళ్ళ కోసం పుట్టిన పనిముట్టు నేల మీదే మిగిలిపోయింది.

కత్తిపీట పనితనం తెలియాలంటే చేతుల్ని చూడాలి. చేతికత్తితో కోసేటప్పుడు ఒక చెయ్యి కత్తికి పోతుంది, కాయను పట్టుకోవడానికి ఒకటే మిగులుతుంది. కత్తిపీటను కాలితోనో మోకాలితోనో అదిమి కూర్చుంటే రెండు చేతులూ కాయకే. వంపు తిరిగిన అలుగు మనిషి వైపు చూస్తూ కదలకుండా నిలబడి ఉంటుంది, కదిలేది కాయ. గుండ్రంగా, బరువుగా, పట్టుకు జారిపోయే గుమ్మడికాయకు ఇంతకన్నా మంచి ఏర్పాటు ఊహించడం కష్టం. కోసిన ముక్క నేరుగా కింద పెట్టిన నీళ్ళ గిన్నెలో పడుతుంది కాబట్టి చెక్కతో పనిలేదు. వంకాయ, అరటికాయ ముక్కలు గాలి తగిలితే కనరెక్కుతాయి, మామూలు ఇనుము తగిలితే మరీ నల్లబడతాయి. తెగిన మరుక్షణం ఉప్పునీళ్ళలోనో మజ్జిగనీళ్ళలోనో పడటం అందుకే ముఖ్యం. అలుగు కొసన పళ్ళ బిళ్ళ ఉంటే అదే కొబ్బరికోరు కూడా. ఒంటిచేత్తో ఆడించే కత్తి కన్నా, ఒకచోట బిగించిన అలుగు మీద మనవాళ్ళకు మొగ్గు ఎక్కువేమో అనిపిస్తుంది. ఆవకాయ ముక్కలు టెంకతో సహా కొట్టే కత్తిని చూడండి, వక్కలు కత్తిరించే అడకత్తెరను చూడండి. రెండింటిలోనూ ఒక కొస బంధించి ఉంటుంది. ఇది మనకొక్కరికే సొంతమూ కాదు. బెంగాలీల బొంటి, మరాఠీల విళీ, తమిళుల అరివాళ్‌మనై, కన్నడిగుల ఈళిగె మణె దీని తోబుట్టువులే. 19వ శతాబ్దపు కాళీఘాట్ పటాల్లో బొంటి ముందు కూర్చుని చేప కోసే స్త్రీ కనిపిస్తుంది.

మంచి ఉక్కు లేకపోవడం వల్లే మనకు మంచి చేతికత్తులు రాలేదని ఎవరైనా అనవచ్చు. ఈ మాట కనీసం తెలంగాణ గురించి అనడానికి వీల్లేదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు పర్షియా దాకా పోయేది. 19వ శతాబ్ది తొలినాళ్ళలో ఆ ఊరు చూసిన భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్‌సీ, సరుకు కోసం ఇస్ఫహాన్ నుంచి వచ్చి కూర్చున్న వర్తకుడి గురించి రాశాడు. ఆ ఉక్కుతో డమాస్కస్ పేరు మోసిన కత్తులు సాగదీశారు. వంటింటి అలుగుకు అంత ఖరీదైన సరుకు అక్కర్లేదు. ఊరి కమ్మరి కొలిమి చాలు. పంట చేతికొచ్చినప్పుడు గింజలు కొలిపించుకునే కమ్మరి నాగలి కర్రుకు పదును పెట్టినట్టే కత్తిపీటకూ పెట్టేవాడు. లోహం ఉంది, పనివాడూ ఉన్నాడు. అయినా చేతికత్తి వంటింటికి పెద్ద దిక్కు కాలేదు.

తుప్పు పట్టని ఉక్కు వచ్చాకే కథ మారిందన్న వాదన కొంచెం గట్టిది. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ క్రోమియం కలిపిన ఉక్కు తయారు చేస్తే, మొదట్లో అక్కడి కత్తుల పనివాళ్ళు అతన్ని కోయలేని కత్తులు కనిపెట్టినవాడని వెక్కిరించారు. తర్వాత ఆ లోహమే ప్రపంచమంతా పరుచుకుంది. అరటికాయను నల్లబరచదు, కోస్తా ఉప్పుగాలికి తుప్పు పట్టదు. కానీ ఈ సుగుణాలు చేతికత్తికి ఎంత మేలు చేశాయో కత్తిపీటకూ అంతే చేస్తాయి. స్టీలు కత్తిపీటలు బజారులోకి వచ్చాయి కూడా; మడిచిపెట్టేవి, గట్టు అంచుకు మరతో బిగించేవి సైతం దొరుకుతాయి. అయినా వాడకం తగ్గుతూనే పోయింది. రెండింటికీ సమానంగా అందిన మేలు ఒకదాన్ని గెలిపించి ఇంకొకదాన్ని ఓడించలేదు కదా.

ఇక మిగిలింది పొయ్యి. ఇండేన్ గ్యాసు 1965లో కలకత్తాలో మొదలైంది. కట్టెల పొయ్యి నేల మీద ఉండగలదు, గ్యాసు పొయ్యి అలా కాదు. సిలిండర్ నిలబెట్టి ఉండాలి, పొయ్యి దానికన్నా ఎత్తులో ఉండాలన్నది కనెక్షన్‌తో పాటు వచ్చే భద్రతా నియమం. అంటే గ్యాసు తీసుకోవడమంటే గట్టు కట్టించుకోవడమే, లేదా బల్ల వేసుకోవడమే. పట్టణాల మధ్యతరగతి ఇళ్ళలో ఇది ముందు జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం కింద డ్వాక్రా మహిళలకు కనెక్షన్లు ఇచ్చాక పల్లెలకూ పాకింది, 2016 తర్వాత ఉజ్వల దాన్ని ఇంకా ముందుకు తోసింది. పొయ్యి నడుము ఎత్తుకు వచ్చాక తాలింపు మీద కన్నేసి కింద కూర్చుని కూరగాయలు తరగడం కుదరదు. నూనె కాగేలోపు మూడుసార్లు లేచి కూర్చోవాలి. గట్టు మీదే ఒక చెక్క, ఒక కత్తి పెట్టుకుంటే ఆ బాధ లేదు. కత్తి గొప్పదై గెలవలేదు, అందుబాటులో ఉండి గెలిచింది.

దీనికి జపాన్ గట్టి అభ్యంతరం. పాత జపాన్ వంటింట్లోనూ చాలాచోట్ల పని మోకాళ్ళ మీద కూర్చునో గొంతుక్కూర్చునో సాగేది. నిలబడి వండే వంటిల్లు కావాలన్న ప్రచారం అక్కడ 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో గట్టిగా జరిగింది. అయినా వాళ్ళు కత్తిపీట చేసుకోలేదు. పొట్టికాళ్ళ చెక్క మీద చేతికత్తితోనే కోశారు. కాబట్టి నేల మీద కూర్చున్నంత మాత్రాన కత్తిపీట పుడుతుందని నేను అనను. పుట్టడానికి ఇంకేవో కారణాలు ఉండాలి. చెక్కకు రసాలు ఇంకి వాసన పట్టే వేడి దేశంలో, చేతిలో కోసి నీళ్ళలో వేసుకునే అలవాటు వాటిలో ఒకటి కావచ్చు. కానీ పుట్టుకకు కారణాలు వేరు, బతికి ఉండటానికి కావలసినవి వేరు. కూర్చోవడం పోయాక కత్తిపీట నిలవలేదన్నంత వరకే నా వాదన. జపాన్‌లో చేతికత్తి మనిషితో పాటు నేల మీంచి బల్ల మీదికి సునాయాసంగా లేచింది. దాన్నే కాస్త మార్చి, ఇంటి వంటకు పనికొచ్చే సాంతొకు కత్తిని తయారు చేసుకున్నారు.

ప్రమాదం సంగతేమిటంటారా? పాకే పిల్లలున్న ఇంట్లో నిలబెట్టిన అలుగు భయపెట్టేదే. అందుకే పని కాగానే పక్కకు పడుకోబెట్టేవారు. ఆ భయం వందల ఏళ్ళుగా ఉన్నదే, గ్యాసు వచ్చాక కొత్తగా పుట్టింది కాదు. మోకాళ్ళ నొప్పులు మాత్రం కొట్టిపారేయలేని కారణం. అయితే అది కత్తిపీట లోపం కాదు, కింద కూర్చోలేకపోవడం. చేతికత్తి మనకు తెలియక కాదనడానికి గోదావరి జిల్లాల పనసపొట్టు ఒక్కటి చాలు. చెక్కు తీసిన లేత పనసకాయను పెద్ద కత్తితో టకటకా నరుకుతూ పొట్టు రాల్చడం కత్తిపీట వల్ల అయ్యే పని కాదు. దేనికి ఏది పనికొస్తుందో ఎరిగే వాడారు.

కింద కూర్చుని చేసే పని ఎక్కడ మిగిలిందో అక్కడ కత్తిపీటా మిగిలింది. చేపల మార్కెట్‌లో కొర్రమేను జారిపోకుండా బూడిద రాసి, కాలి కింద తొక్కిపట్టిన పెద్ద కత్తిపీట మీద ముక్కలు చేసేవాళ్ళు దాన్ని వదల్లేదు. పెళ్ళిళ్ళ వంటల దగ్గర పరదా పరుచుకుని బస్తాల కొద్దీ వంకాయలు తరిగే ఆడవాళ్ళూ వదల్లేదు. గట్టు ముందు నిలబడే ఇంటికి ఈ చరిత్ర నుంచి దక్కేది మాత్రం కొంచెం వేరే జాబితా. జర్మన్ పద్ధతి కత్తి అంచు వంపుగా ఉండేది చెక్క మీద ఊపుతూ తరగడానికి. బెండకాయ, బీన్స్, తోటకూర ఎక్కువగా తరిగే మన ఇళ్ళకు తిన్నటి అంచున్న, పలుచటి, ఆరేడు అంగుళాల కత్తి మేలు. మిరపకాయలకూ అల్లం చెక్కు తీయడానికీ చిన్నదొకటి ఉండాలి. బ్రెడ్డు కత్తి డబ్బు దండగ, బ్రెడ్డు ఎటూ ముక్కలుగానే వస్తుంది. కొబ్బరి కోరుకోవాలన్నా, గుమ్మడికాయతో కుస్తీ పట్టాలన్నా అటక మీది కత్తిపీటను దించి, తుప్పు తోమి, అలుగుకు సాన పట్టించుకోవడమే నయం.