పరుగెత్తువానికి దోసెడు నీరు



పరుగుపందెముల చరిత్రమును వ్రాసినవారు గెలిచినవారి పేళ్లను వ్రాసిరి. త్రోవప్రక్క నిలిచి నీరందించినవారి పేళ్లను వ్రాసినవారు అరుదు. అయినను దూరపు పరుగుల చరిత్రమును శ్రద్ధతో పరికించినచో, పరుగెత్తువాని ప్రాణము పలుమార్లు ఆ పేరులేనివారి చేతులలోనే యుండెనని తెలియగలదు. సహాయము సకాలమున అందెనా, అందినది తగిన సహాయమేనా యను ప్రశ్నలు రెండును ఆ చరిత్రమున అడుగడుగునను ఎదురగుచున్నవి. నేటి ప్రసంగమునకు అవియే విషయము.

మన దేశమున ఈ ధర్మము క్రొత్తది కాదు. క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దమున అశోకచక్రవర్తి తన రెండవ శిలాశాసనమునందు, మనుష్యులకును పశువులకును చికిత్స యేర్పఱచిన సంగతియు, బాటల వెంట నూతులు త్రవ్వించి చెట్లు నాటించిన సంగతియు చెప్పెను. ఆ శాసనము కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలమీద నేటికిని ఉన్నది. నీరు, నీడ, మందు: దూరము పోవువానికి వలసినవి మూడును అందు కలవు. సంస్కృతమున ప్రప యనుదానినే మనవారు చలివేంద్రమనిరి. వచ్చినవాడెవడు, పోవునదెక్కడికి యని యడుగుట చలివేంద్రపు మర్యాద కాదు. శివరాత్రికి నల్లమల యడవిలో నడచి శ్రీశైలము చేరు భక్తులను ఈ ధర్మమే కాచుచున్నది. మన బీరంగూడ గుట్టపై వెలసిన స్వామియు భ్రమరాంబాసమేత మల్లికార్జునుడే గనుక, ఇచ్చటి వారికి ఇది తెలియని మాట కాదు.

ఇక పాశ్చాత్యదేశముల పరుగు సంగతి చూతము. క్రీ. పూ. 490లో పారసీకులు దండెత్తి రాగా, ఫిడిప్పిడీసు అను వార్తాహరుడు సాయము కోరుటకై ఏథెన్సునుండి స్పార్టాకు పరుగిడి మఱునాటికి చేరెనని హెరొడోటసు వ్రాసినాడు. మారథాను యుద్ధరంగమునుండి జయవార్త తెచ్చి ప్రాణము విడిచిన దూత కథ తరువాతి గ్రంథకర్తలది. ఆ కథను పట్టుకొనియే 1896లో ఏథెన్సునందు మారథాను పరుగును నడపిరి. గెలిచినవాడు స్పిరిడాను లూయిసు. ఇతడు తండ్రితో కూడ నగరమునకు నీరు చేరవేయుచుండిన సామాన్యుడు! నీరు మోసినవానికే తొలి మారథాను కిరీటము దక్కుట చిత్రముగదా.

అయినను నీటి విలువను పందెము నడుపువారు వెంటనే గ్రహింపలేదు. 1904లో అమెరికాలోని సెయింటు లూయిసున ఆగస్టు మాసపు టెండలో, దుమ్ము రేగు త్రోవలో 32 మంది పరుగునకు దిగిరి. దారియంతటను నీరు దొరకు తావులు ఒకటి రెండు మాత్రమే. నీరు తక్కువైన దేహమేమగునో చూడవలెనని నిర్వాహకుని తలంపు! తుదకు చేరినవారు 14 మందియే. వారిలో మొదటివాడైన థామసు హిక్సు దాహమని వేడగా, వెంటనున్నవారు నీరు త్రాగనీయక నోరు మాత్రము తడిపిరి. మీదుమిక్కిలి విషముష్టి గింజలలోని స్ట్రిక్నిను అను విషమును గ్రుడ్డు తెల్లసొనతో కలిపి యిచ్చిరి, బ్రాందీయు పోసిరి. అతడు బ్రతికి బయటపడుట అదృష్టము. ప్రక్కన మనుష్యులున్నంతమాత్రమున సహాయమున్నట్లు కాదు.

1908లో లండనునందు మఱియొక వింత జరిగినది. ఇటలీవాడైన డొరాండో పియెట్రి అందఱికంటె ముందు క్రీడాంగణము చొచ్చెను గాని, సోలి పలుమార్లు క్రిందపడెను. చూచువారి గుండెలు కరగెను. అధికారులును వైద్యులును లేవనెత్తి గీటు దాటించిరి. అంతట విజయము అతనిది కాకపోయెను. నియమము ప్రకారము బహుమానము జానీ హేసునకు దక్కెను. రాణి అలెగ్జాండ్రా పియెట్రికి పాత్ర నొకదానిని కానుకగా నిచ్చి ఊరడించినది. దయచేత చేసినదైనను, పరుగెత్తువాని పనిని మనము చేసినచో అది వానికి నష్టమే యని దీనివలన తెలియుచున్నది.

1912లో స్టాకుహోమున ఎండదెబ్బ తగిలి పోర్చుగలు యువకుడు ఫ్రాన్సిస్కో లజారో మఱునాడు మరణించెను. ఆ పరుగుననే జపానువాడైన కనకురి షిజో మిక్కిలి డస్సి, త్రోవప్రక్కనున్న యొక గృహస్థుని తోటలోనికి పోయెను. ఆ యింటివారు పానీయమిచ్చి సేదదీర్చిరి. అతడు పందెము విడిచి స్వదేశమునకు పోయెను. 1967లో స్వీడనువారు పిలువగా వచ్చి, తన పరుగును ముగించెను. పట్టినకాలము 54 సంవత్సరములు దాటెను! ఒకే యెండలో ఒకడు ప్రాణము కోల్పోయెను, ఒకడు ముదిమివఱకు జీవించెను.

నేడు దారి పరుగులలో సుమారు 5 కిలోమీటరుల కొక నీటితావుండవలెనని నియమము కలదు. వైద్యుడు పరీక్షించుట నేరము కాదు. వలదన్నచో పరుగు మానవలసినదే. అయితే అతిగా త్రాగుటయు ప్రమాదమే. 2002 బోస్టను మారథానున పరీక్షింపబడిన 488 మందిలో నూటికి 13 మందికి రక్తమందలి సోడియము తగ్గియుండెనని 2005లో వైద్యులు ప్రకటించిరి. కావున నీరందించువాడు దాహమెఱిగి అందించవలెను, బలవంతము కూడదు.

మన హైదరాబాదునందును 42 కిలోమీటరుల పైచిలుకు మారథాను సాగుచున్నది. నెక్లెసు రోడ్డున మొదలిడి వంతెనలెక్కి దిగి గచ్చిబౌలి క్రీడాంగణము చేరు ఆ దారిలో స్త్రీపురుషులు పరుగిడుదురు. చీకటిలోనే లేచి వచ్చిన స్వచ్ఛందసేవకులు దారిపొడవున నిలుతురు. వారి పని చిన్నదిగా కనబడును: గ్లాసును సగము నింపుట, చేతికందునట్లు పట్టుట, మలుపు చూపుట, తడబడువానిని గుర్తించి వైద్యునికి తెలుపుట, పాఱవేసిన గ్లాసుల నేరుట. చూడగా చిన్నదేగాని, దానిలో పొరపాటు జరిగినచో ఫలమేమో సెయింటు లూయిసు చెప్పినది.

పటాన్‌చెరువు కర్మాగారములలో పనిచేయు యువకులారా, కళాశాలల విద్యార్థులారా! గచ్చిబౌలి మనకు దూరము కాదు. మీరు పరుగెత్తలేకపోవచ్చును, నిలువగలరు. ఒక్కమాట మఱవకుడు. ముందు వచ్చువానికి చప్పట్లు కొట్టువారు పలువురు. ఎండ ముదిరిన పిదప, గ్లాసులు నిండుకొనువేళ, ఒంటరిగా వచ్చు కడపటివానికే మీ నీరు మిక్కిలి యవసరము. అతడు దాటిపోవువఱకు మీ తావు విడువకుడు.