నీరు తెచ్చారు, మురుగు మరచారు

రాజ్యాలు యుద్ధాల్లో కూలుతాయని బళ్లో చదువుకున్నాం. కాళ్ల కింద నేల చెడినా కూలుతాయి. ఆ కథ ఒకటి ఈ పూట మనవి చేస్తాను.

ఈనాటి ఇరాకు దక్షిణ భాగాన, టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్య, 5,000 ఏళ్ల క్రిందటే సుమేరు నాగరికత వర్ధిల్లింది. వాన తక్కువ సీమ. కాలువలు తవ్వి, ఒండ్రు నేలల్లో గోధుమ, బార్లీ పండించారు. తినగా మిగిలిన గింజలతోనే ఉర్, లగష్, ఉమ్మా వంటి నగరాలు నిలిచాయి.

పిమ్మట నీటి తగవు వచ్చింది. కాలువకు ఎగువన ఉమ్మా, దిగువన లగష్. క్రీ.పూ. 2400 ప్రాంతంలో లగష్ పాలకుడు ఎంటెమెనా టైగ్రిస్ నుంచి వేరే కాలువ తవ్వించాడు. నీరు పుష్కలమైంది.

నీరు దండిగా ఉంటే చేటేమిటి అంటారేమో! నది నీటిలో కంటికి కనిపించని ఉప్పు ఉంటుంది. మురుగు పోయే దారి లేకపోతే నేల అడుగున నీటిమట్టం పైకి వస్తుంది. వత్తి నూనెను పీల్చినట్లు మట్టి ఆ నీటిని పైకి లాగుతుంది. ఎండకు నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది.

యాకబ్‌సెన్, ఆడమ్స్ అనే పండితులు మట్టిపలకల లెక్కలు, కుండల మీది గింజల అచ్చులు పరిశీలించి 1958లో ఒక వ్యాసం ప్రకటించారు. క్రీ.పూ. 3500 నాడు గోధుమ, బార్లీ సమంగా ఉండేవట. 2400 నాటికి గోధుమ ఆరో వంతుకు దిగింది, 1700 నాటికి కనుమరుగైంది. ఉప్పుకు ఓర్చుకునే బార్లీయే మిగిలింది. దాని దిగుబడీ హెక్టారుకు 2,500 లీటర్ల నుంచి 900కు పడిపోయిందని వారి అంచనా. ఈ అంకెలను ఒప్పుకోని పండితులూ ఉన్నారు. యుద్ధాలు, నదులు దారి మారడం కూడా ఆ పతనానికి కారణాలే. ఏమైనా, పెత్తనం ఉత్తరాన బాబిలోనుకు తరలిపోయింది.

మన కాలువల కిందా చౌడు ఉన్నది. అది ఒక్కనాడు రాదు. వేసవిలో గట్టు మీద తెల్లని పొర, మడిలో అక్కడక్కడ మొలవని జాగా, ఇవే దాని కబుర్లు. మట్టి పరీక్ష చేయించండి. పాలచౌడైతే మంచినీరు నిలగట్టి, ఉప్పు కరిగాక మురుగుకు వదలండి. కారుచౌడైతే పరీక్షలో చెప్పినంత జిప్సం వేసి, జీలుగ పెంచి కలియదున్నండి. అన్నిటికన్నా ముందు, పూడిన మురుగు కాలువను ఊరంతా కలిసి తీయండి. మీ ఒక్క చేను మురుగు పోతే చాలదు. పక్క చేనిదీ పోవాలి.

నీరు వచ్చే దారి ఎంత ముఖ్యమో, పోయే దారీ అంతే.