ధింసా: ఊరి విందు, యాత్రికుని వినోదము

అరకు లోయను చూచి వచ్చినవారు సాధారణముగా రెండు సంగతులు చెప్పుదురు: రైలుదారిలోని సొరంగములు, సాయంకాలమున చూచిన ధింసా నృత్యము. ఈ రెండింటికిని గల సంబంధమును నేడు కొంత విచారింతము.

ఆ రైలుమార్గమును యాత్రికుల కొరకు వేయలేదు. బైలదిల్లా కొండలలోని ఇనుప ఖనిజమును విశాఖపట్టణపు రేవునకు చేర్చి, జపానునకు ఎగుమతి చేయుటకై 1960ల దశకమున నిర్మించిరి. ఖనిజము దిగిన దారినే యాత్రికులు కొండ నెక్కిరి. 2017లో వారికొరకు అద్దాల పెట్టెయు వచ్చినది.

ఇక ధింసా సంగతి. బగతలు, వాల్మీకులు, పోర్జలు, ఖోందులు మొదలగువారు పెండ్లిండ్లకును, చైత్రమాసపు పండుగకును ఈ నృత్యము చేయుదురు. మోరి ఊదుచుండగా డప్పు, తుడుము మ్రోగును. ఇందు రకములు పెక్కు కలవు. బోడ ధింసా గ్రామదేవతకు అర్పించునది. పొతర్ తోల ఆకులేరుటను చూపును. బాగ్ ధింసా పులి పైబడుటను, దానినుండి తప్పించుకొనుటను అభినయించును. కొండబ్రతుకు ఆ అడుగులలో కలదు.

చైత్రమున ఒక ఊరివారు మరియొక ఊరికి పోయి ఆడుదురు. పిమ్మట అందరును కలిసి భుజింతురు. దీనికి సంకిడి కేల్బార్ అని పేరు. అనగా ధింసా మొదటినుండియు అతిథులతోడి ఆటయే! అయితే ఆ అతిథి తానును కాలు కదిపెడివాడు. ఊరికిని ఊరికిని స్నేహము కలిసెడిది.

నేటి అతిథి రుసుము చెల్లించి కుర్చీలో కూర్చుండును. వలయముగా తిరుగు ఆటకు ముందువెనుకలు లేవు. చూచువాడు ఒకవైపున కూర్చున్నంతనే ముందనునది ఏర్పడినది. ఋతువును బట్టి వచ్చిన ఆట యిపుడు గడియారమును బట్టియు వచ్చుచున్నది. దేవతకు చెందినది, పెండ్లికి చెందినది అను భేదము వేదికమీద చెరిగిపోవును.

దీనిని తప్పని మేమనము. ఆటవలన కొంత రొక్కము గూడెములకు చేరును. కోరువారున్న కళకు నేర్చువారును ఉందురు. కాని వేదికకు ఎక్కని రకములు ఊరిలోనైనను నిలుచునా అన్నదే ప్రశ్న.

అరకు పోవు మన శ్రోతలకు మా మనవి ఒక్కటే. ఆట ముగియగానే లేచి రాక, అది ఏ రకము, ఏ పండుగకు ఆడుదురు అని ఆడినవారినే అడుగుడు. బదులు చెప్పవలసినవారు దానిని మరువరు. చూచువాడెవడును లేని చైత్రపు రాత్రి ఆ మోరి వినవచ్చినంత కాలము ధింసాకు భయము లేదు.